పదకొండో నంబరు గది, నార్వే

మా కాలేజీలో నన్ను విదేశీ వ్యవహారాలకు అధిపతిని చేసినవాడు గజనీ మహమ్మదు. నమ్మకపోతే మీ ఇష్టం, జరిగింది మాత్రం అదే.

దేశంలోని కాలేజీలన్నిటికీ మార్కులు వేసే మండలి ఒకటుంది. పరీక్షలు రాసేది పిల్లలైనా, ఈ మండలి పేరు చెబితే వణికేది మేము. ఆ మండలి ఈ ఏడు కొత్త నియమం తెచ్చింది. చదువుకోసమో, స్వచ్ఛంద సేవకోసమో, ఇంటర్న్‌షిప్పుకోసమో ప్రతి కాలేజీ తన విద్యార్థులను విదేశాలకు పంపాలి. పంపినకొద్దీ మార్కులు. పంపకపోతే గ్రేడు ఊడుతుంది.

మాది గోగులంక. చుట్టూ రొయ్యల చెరువులు, కాస్త అవతల సముద్రం. మా పిల్లల్లో సగంమందికి జిల్లా కేంద్రానికి వెళ్ళడమే పెద్ద యాత్ర. అలాంటి చోట జూన్ నెల ఎండలో స్టాఫ్ మీటింగు పెట్టి, ప్రిన్సిపాల్ డాక్టర్ త్రివిక్రమరావు గారు లేచి నిలబడి సర్క్యులర్ చదివారు.

"కావున సదరు ఉత్తర్వుల వెలుగులో ఈ కళాశాల యందు విదేశీ అవకాశాల విభాగమును తక్షణమే అమల్లోకి వచ్చునట్లుగా ఏర్పాటు చేయడమైనది" అని ప్రకటించి, దానికి అధిపతి ఎవరా అని చుట్టూ చూశారు. అందరూ ఒక్కసారిగా బల్ల కింద పడ్డ పెన్నులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. నా ఖర్మ, నేను ఆ రోజు పెన్ను తెచ్చుకోలేదు.

"జోగారావు గారూ, గజనీ మహమ్మదు దండయాత్రలు చెప్పేది మీరేగా?"

"అవునండి."

"వాస్కోడగామా?"

"అతణ్ణీ నేనే చెబుతానండి."

"అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చిన వాళ్ళ గురించి ఇంత తెలిసిన మనిషి, ఇక్కణ్ణుంచి అక్కడికెళ్ళే వాళ్ళ సంగతి చూడలేరా?" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టేశారు. బల్ల కింద నుంచి కూడా వినిపించాయి.

అలా నేను విభాగాధిపతినయ్యాను. విరిగిన బల్లలు పడేసే పదకొండో నంబరు గది నాకిచ్చారు. బోర్డు రాయించాను. పిల్లలు వచ్చి తలుపు సందులోంచి చూసి, నవ్వుకుంటూ పోయేవారు. నాకు అభ్యంతరం లేదు. ఎవరూ రాకపోతే ఎవరినీ పంపనక్కర్లేదు, హాయిగా నిద్ర పట్టేది.

ఆ నిద్రను చెడగొట్టింది కొల్లాటి లోవకుమారి.

"మాస్టారూ, విదేశీ అవకాశాల విభాగం ఇదేనాండి?"

"బోర్డు కనపడలేదా?"

"కనపడిందండి. లోపల విరిగిన బల్లలుంటే అనుమానమొచ్చింది."

జువాలజీ ఆఖరి సంవత్సరం అమ్మాయి. సన్నగా, నల్లగా, నీళ్ళలోంచి అప్పుడే పైకి తేలినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుంది. తండ్రి ఏడుకొండలు సముద్రం మీద చేపల వేట మానేసి, రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాడు. రెండు పంటలు తెగులొచ్చి తెల్లారేసరికి తేలిపోయాయి. ఊళ్ళో అందరూ తల బాదుకుంటుంటే ఈ పిల్ల మాత్రం చచ్చిన రొయ్యల్ని సీసాలో వేసుకుని కాలేజీ ల్యాబుకి తెచ్చిందట. మైక్రోస్కోపు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని గుమ్మంలో నిలబడేదట. జువాలజీ మేడమ్ చెప్పింది.

ఆ సీసాల సంగతి రాసి, ఫొటోలు పెట్టి, నార్వేలో చేపలూ రొయ్యల జబ్బుల మీద పనిచేసే ప్రయోగశాలకు తనే మెయిల్ పంపింది. వాళ్ళు ఫోనులో మాట్లాడి, పరీక్ష పెట్టి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్పుకి రమ్మన్నారు. విమానం, తిండి, పడక, అన్నీ వాళ్ళవే. అక్టోబరులో చేరాలి. ఇందులో మా విభాగం చేసిన సాయం ఏమిటయ్యా అంటే, అడ్డం రాకపోవడం.

"నాకొక్క కాగితం చాలండి" అంది లోవ. "అమ్మాయి వెళ్ళడానికి మా కాలేజీకి అభ్యంతరం లేదని ప్రిన్సిపాల్ గారి సంతకం. అది ఉంటేనే వీసా ఇస్తారు. వినాయక చవితిలోపు హైదరాబాదులో ఇచ్చేయాలండి. లేపోతే నా తర్వాత ఉన్నవాళ్ళని పిలుస్తారంట."

ఇంత చిన్న పనా అనుకున్నాను. నన్ను నేను తిట్టుకోవాల్సిన క్షణం అది.

ప్రిన్సిపాల్ గారు విషయం వినగానే కుర్చీలోంచి లేచి లోవ తల మీద చెయ్యి పెట్టారు. "ఈ కళాశాల ఆవిర్భావం నుంచి నేటి వరకు కని విని ఎరుగని ఘనత!" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెంటనే పంచాంగం తెప్పించారు.

"ఆషాఢం వచ్చేస్తోంది జోగారావు గారూ. ఆషాఢంలో శుభకార్యం ఎలా చేస్తాం? గురువారమే సాగనంపేద్దాం. మన పాలకమండలి అధ్యక్షుల వారికి కూడా ఆ ఒక్క గురువారమే తీరిక."

"వీసా ఇంకా రాలేదండి" అంది లోవ. "ముందు మీ సంతకం..."

"సంతకం ఎక్కడికి పోతుందమ్మా? చేతిలోనే ఉంటుంది. అధ్యక్షుల వారు మళ్ళీ దొరుకుతారా?"

గురువారం సభ జరిగింది. అబ్బో, ఏమి సభ! గేటు నుంచి స్టేజీ దాకా ఫ్లెక్సీలు. వాటి మీద అధ్యక్షుల వారు, ప్రిన్సిపాల్ గారు, నేను, విమానం, మధ్యలో ఈఫిల్ టవరు. ఫ్లెక్సీ కొట్టే కుర్రాడి దగ్గర విదేశం అంటే అదొక్కటే ఉంది మరి. లోవ ఫొటో అడుగున మూల, ప్రెస్సు పేరుకి కాస్త పైన పడింది. శాలువా కప్పారు, గజమాల వేశారు, జ్ఞాపిక ఇచ్చారు. ఏడుకొండలు కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చుని, ఎవరేం మాట్లాడినా చేతులు జోడించాడు. చివర కొబ్బరికాయ కొట్టి, లోవను అధ్యక్షుల వారి కారెక్కించి, బ్యాండుతో ఊరంతా తిప్పారు.

తిప్పి వెనక గేటు దగ్గర దింపేశారు. తర్వాతి పీరియడు ఆ అమ్మాయికి ప్రాక్టికల్సు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వేశారు. "నార్వేకు ఎగిరిన గోగులంక విద్యా కుసుమం." ఆ పేపరు పట్టుకునే లోవ ఆఫీసు గదికి వెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. మా ఆఫీసు సూపరింటెండెంటు భ్రమరాంబ గారు. ఆవిడ బల్ల దాటి ఈ కాలేజీలో గాలి కూడా దరఖాస్తు లేకుండా వీచదు.

"అభ్యంతరం లేదని కాగితం కావాలండి" అంది లోవ.

"ఎవరికి?"

"నాకేనండి. కొల్లాటి లోవకుమారి."

"ఆ అమ్మాయి నార్వేలో ఉంది" అన్నారు భ్రమరాంబ గారు, తలెత్తకుండా.

"లేదండి, ఇదిగో ఇక్కడున్నాను."

"ఉంటే సరిపోతుందా తల్లీ? నిన్న నిన్ను సాగనంపేశాం. అధ్యక్షుల వారు కాయ కొట్టారు. నేను హాజరుపట్టీలో పేరు కొట్టేసి, విదేశంలో ఉన్నది అని ఎర్రసిరాతో రాశాను. మండలికి కూడా కబురెళ్ళిపోయింది. ఇప్పుడు నువ్వు ఇక్కడున్నావని నేను కాగితమిస్తే, నిన్నటి సభ అబద్ధమా? అధ్యక్షుల వారు అబద్ధమా? ఆ శాలువా అబద్ధమా?"



"మరి ఏం చెయ్యాలండి?" అంది లోవ.

"విదేశంలో ఉన్న విద్యార్థిని విదేశం నుంచే దరఖాస్తు చేసుకోవాలి. పద్ధతి ప్రకారం రావాలి."

ఆ రోజు నుంచి లోవ కష్టాలు చూడాలి. క్లాసుకెళితే హాజరు వెయ్యరు. విదేశంలో ఉన్న మనిషికి ఎలా వేస్తాం అంటారు. హాస్టల్లో భోజనానికి కూర్చుంటే మెస్సువాడు గరిటె పైకెత్తి, "నీ పేరు కొట్టేశారమ్మా, నీకు పెడితే నన్ను తీసేస్తారు" అని వేడుకున్నాడు. పాపం వార్డెను జాలిపడి, విదేశీ అతిథుల కింద రాసి అన్నం పెట్టించింది. గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలనరసయ్య సందర్శకుల పుస్తకం చాపి, "ఏ ఊరమ్మా?" అనేవాడు. మొదట్లో పోట్లాడింది. తర్వాత విసుగొచ్చి నార్వే అని రాసేసి లోపలికొచ్చేది. వాడు సెల్యూటు కూడా కొట్టేవాడు.

నేను ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళి మొత్తుకున్నాను.

"భ్రమరాంబ గారు చెప్పింది సబబే" అన్నారాయన. "అయితే విద్యార్థుల సంక్షేమం దృష్ట్యా ఒక వెసులుబాటు కల్పించవచ్చు. మీ విభాగం విదేశీ వ్యవహారాల నిమిత్తం ఏర్పడినదే కదా? కాబట్టి ఉత్తర ప్రత్యుత్తరాల నిమిత్తం పదకొండో నంబరు గదిని నార్వేగా పరిగణించవచ్చును. ఆ అమ్మాయి అందులో కూర్చుని దరఖాస్తు పెట్టుకోమనండి."

ఉత్తర్వు కూడా ఇచ్చారు. నేను పోయి గది ఊడ్పించాను. లోవ ఒక విరిగిన బల్లకు ఇటుకలు పెట్టుకుని నార్వేలో కూర్చుంది.

దరఖాస్తు రాసి పొద్దున్నే పంపింది. భ్రమరాంబ గారు గడియారం చూశారు.

"నార్వే మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇప్పుడు అక్కడ ఏడైనా కాలేదు. ఆఫీసులు తెరవకముందు రాసిన కాగితం నేనెలా తీసుకుంటాను?"

అక్కడ పది కొట్టేసరికి ఇక్కడ ఒంటిగంటన్నర. మా వాళ్ళు భోజనానికి లేస్తారు. భోజనాలు ముగించి, ఆవలించి, కుర్చీల్లో సర్దుకునేసరికి నార్వే వాళ్ళు భోజనానికి లేస్తారట. వాళ్ళు తిని వచ్చేసరికి మా ఆఫీసు కట్టేస్తారు. నార్వేకీ గోగులంకకీ మధ్య ఇంత దూరం ఉందని నాకు ఆ నెలలోనే తెలిసింది. మధ్యలో ఉన్నది ఒక వరండా.

"మాస్టారూ, నాకు భయమేస్తందండి" అంది లోవ ఒక రోజు. "మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేశాడు, నేను పెద్ద చదువుకి ఎల్తన్నానని. ఈసారి చెరువుకి తెగులొస్తే ఏం చెయ్యాలో మా అమ్మాయి నేర్చుకొచ్చి చెబుద్దని అందరితో అంటన్నాడు. ఆ సంతకం పడకపోతే నేను ఇంటికెలా ఎళ్ళేది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక, గదిలో మూలనున్న పాత గ్లోబు మీద ఒక్కటి ఇచ్చాను. అది గిర్రున తిరిగింది.

ఈలోగా కాలేజీలో ఇంకో గాలి వీచింది. లోవకు హాజరు అక్కర్లేదట, ఇంటర్నల్సు అక్కర్లేదట, విదేశీ అతిథుల కింద భోజనమట అని పిల్లలకు తెలిసిపోయింది. మర్నాడు మా గది ముందు బారు. బీకాం, బీఏ, తేడా లేదు.

"మేం కూడా వెళ్తాం మాస్టారూ."

"ఎక్కడికిరా?"

"ఎక్కడికైనా పర్లేదండి. మీకు ఏ గది ఖాళీ ఉంటే అక్కడికి."

నేను కసురుకుని పంపేశాను. కాని ప్రిన్సిపాల్ గారి చెవిన పడింది. ఆయన ఆలోచన ఎంత పెద్దదో, నాది అంత చిన్నది.

"జోగారావు గారూ, యువతలో వెల్లివిరుస్తున్న ప్రపంచ దృక్పథాన్ని మనం నిరుత్సాహపరచరాదు" అన్నారు.

ఆషాఢం సంగతి ఆయనే మరిచిపోయారు. ప్రతి శుక్రవారం సామూహిక సాగనంపు. ఒకటే బ్యాండు, ఒకటే కొబ్బరికాయ. శాలువా మాత్రం ఒకరి మీద కప్పి ఫొటో తీసి, మళ్ళీ దాన్నే పక్కవాడి మీద కప్పేవాళ్ళు. లైబ్రరీ వెనక అటక జర్మనీ అయింది. ఉన్నత చదువులవాళ్ళు అక్కడ. క్యాంటీను వెనక వరండా ఆస్ట్రేలియా. హోటల్ మేనేజ్‌మెంటు ఇంటర్న్‌షిప్పు కింద పిల్లలు అక్కడ ఉల్లిపాయలు తరిగారు. స్వచ్ఛంద సేవకు సైకిల్ స్టాండును కెన్యాగా ప్రకటించారు. అక్కడి పిల్లలు ఎండలో చెత్త ఎత్తి, చెట్లకు సున్నం కొట్టి, చేతులు బొబ్బలెక్కి వచ్చేవారు. ఆ మాటకొస్తే కాలేజీలో నిజంగా ఏదో సేవ చేసినవాళ్ళు ఆ కెన్యా వాళ్ళొక్కరే.

కాలేజీ ఖాళీ అయింది. నేను గజనీ మహమ్మదు గురించి చెప్పడానికి వెళితే నాలుగు గోడలు, ఒక కుక్క. మిగతా లెక్చరర్లకు ప్రాణం లేచొచ్చింది. అందరూ విదేశాలకు పోతుంటే ఎవరికి చెబుతాం అని స్టాఫ్ రూములో క్యారమ్స్ ఆడారు. లోవ ఒక్కతే మా గదిలో ఎదురుగా కూర్చుని, జువాలజీ పుస్తకం తెరిచి, కాగితం కోసం ఎదురుచూసేది.

మండలి పర్యవేక్షక బృందం శ్రావణంలో వచ్చింది. ముగ్గురు. పెద్దాయన పేరు ఆచార్య సుందరవరదన్. ఖాళీ క్లాసు గదులు చూస్తున్నకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది.

"విద్యార్థులు ఎక్కడ?"

"విదేశాల్లోనండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అందరూనా?"

"దాదాపు అందరూనండి. ఉన్న ఒకరిద్దరూ పాస్‌పోర్టు ఫొటోలకు వెళ్ళారు."

ఆచార్యులవారు మా ప్రిన్సిపాల్ గారిని కావలించుకున్నారు. పూర్తి మార్కులు వేశారు. వేసి, ఇంకో పేజీ తిప్పి, నొసలు ముడిచారు.

"పంపడం బావుంది. కాని రెండు చోట్ల మీకు సున్నా పడుతోంది. వెళ్ళినవాళ్ళు తిరిగివచ్చి తమ అనుభవాన్ని పంచుకోవాలి, ఒక్కరూ రాలేదు. రెండోది, ఇక్కడ చదువుకునే విదేశీ విద్యార్థులు. ఒక్కరూ లేరు. నెలలో మళ్ళీ వస్తాం."

ప్రిన్సిపాల్ గారికి ఆ రాత్రి జ్వరం వచ్చిందట. తెల్లారేసరికి తగ్గింది. ఎందుకంటే వెంటనే ఉత్తర్వు పడింది. అందరూ తిరిగి రావలెను, మొదట లోవకుమారి.

లోవ ఎగిరి గంతేసింది. "మాస్టారూ, నేను తిరిగొచ్చేశానంటే మళ్ళీ ఇక్కడి విద్యార్థినేగా! అప్పుడు సంతకం పెట్టడానికి ఏం అడ్డండి?"

నాకూ అదే అనిపించింది. ఆ అమ్మాయి కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. చవితికి ఇంకా రోజులున్నాయి.

స్వాగత సభ అద్భుతంగా జరిగింది. గేటు దగ్గర హారతి, ఎర్రనీళ్ళు, దిష్టి. ఫ్లెక్సీ కుర్రాడు అదే ఫ్లెక్సీలో విమానాన్ని అటునుంచి ఇటు తిప్పాడు. ఏడుకొండలు కూడా వచ్చాడు. మొదటి సభ నుంచి కూతుర్ని వారం వారం చూస్తూనే ఉన్నాడు కాబట్టి ఇది దేనికో అర్థంకాక, నా పక్కకొచ్చి, "ఇంతకీ ఎల్లిందాండి, రాలేదాండి?" అని చెవిలో అడిగాడు.

"చప్పట్లు కొట్టవయ్యా" అన్నాను. ఏం చెప్పను?

లోవను అనుభవాలు చెప్పమన్నారు. మైకు పట్టుకుంది. అబద్ధం చెప్పడం రాని పిల్ల.

"అక్కడ చాలా కష్టమండి" అంది. "కిటికీ తెరుచుకోదు. గాలి ఆడదు. పొద్దున్న వెళితే సాయంత్రం దాకా మనల్ని పలకరించేవాళ్ళుండరు. మనం రాసిన కాగితాలు ఎవరూ తీసుకోరు. మనం అక్కడున్నామని చెప్పినా నమ్మరు. ఇంటికెళ్ళిపోదామా అనిపిస్తది. అయినా ఓర్చుకున్నానండి. నేర్చుకోవాల్సింది ఒకటుందండి నాకు. అది నేర్చుకునేదాకా ఓర్చుకుంటాను."

హాలు దద్దరిల్లింది. ఆ చలిదేశంలో ఒంటరి ఆడపిల్ల ఎంత కష్టపడిందో అని అధ్యక్షుల వారు జేబురుమాలు తీశారు. "విదేశాలంటే మోజుపడే యువతకు ఇది కనువిప్పు" అన్నారు. ఇంటర్న్‌షిప్పు విజయవంతంగా పూర్తి చేసినట్టు ధ్రువపత్రం చేతిలో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళాం. భ్రమరాంబ గారు స్వయంగా హాజరుపట్టీలో పేరు మళ్ళీ ఎక్కించారు. కాగితం టైపు చేయించారు. ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాం. ఆయన పెన్ను తీశారు. మూత విప్పారు. కాగితం చదివారు. మూత పెట్టేశారు.

"ఇది నార్వే వెళ్ళడానికి కదమ్మా?"

"అవునండి."

"నిన్ననేగా వచ్చావు?"

ఆయన కాగితం పక్కకు జరిపారు.

"ఒక విద్యార్థికి ఒకే అవకాశం అని మండలి నియమం. వెళ్ళావు. పూర్తి చేశావు. ధ్రువపత్రం అందుకున్నావు. ఎంత కష్టపడ్డావో అందరం విన్నాం. మళ్ళీ నువ్వే వెళతానంటే మిగతా పిల్లలకు అన్యాయం కాదూ? ఆ ప్రయోగశాల వాళ్ళకు కూడా నేను ఇవాళే రాస్తాను, మా అమ్మాయిని బాగా చూసుకున్నందుకు కృతజ్ఞతలు అని."

"వద్దండి!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆ ఉత్తరం పంపే పని విభాగాధిపతిదే కాబట్టి నేను చేస్తానని, ఆయన రాసిచ్చింది తీసుకున్నాను. తీసుకుని చింపి పారేశాను. అది ఒక్కటే ఆ ఏడాది మా విభాగం తరఫున నేను చేసిన మంచిపని.

లోవ గదికి వచ్చి, బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు ఎలా ఓదార్చాలో తెలియలేదు. నాకూ ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళు చరిత్ర చెప్పాను, ఇంతకంటే అన్యాయంగా ఓడిపోయినవాణ్ణి చూడలేదు.

అప్పుడే ప్రిన్సిపాల్ గారు తలుపు తోసుకుని వచ్చారు. ఆయన బాధ ఆయనది.

"జోగారావు గారూ, తిరిగివచ్చినవాళ్ళ సంగతి తేలింది. విదేశీ విద్యార్థులను ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? ఒక్కరైనా లేకపోతే మన పరువేం కాను?"

నేను నోరు తెరిచేలోగా లోవ తలెత్తి కళ్ళు తుడుచుకుంది.

"సార్, నేను నార్వే నుంచే కదండీ వచ్చాను?"

"అవును."

"అక్కడుండి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నాను. సందర్శకుల పుస్తకంలో నెలల తరబడి నార్వే అనే ఉంది. హాస్టల్లో భోజనం విదేశీ అతిథుల కింద పెట్టారు. మరి నేను విదేశీ విద్యార్థిని కాదాండి?"

ప్రిన్సిపాల్ గారు ఆమె వంక దేవతను చూసినట్టు చూశారు. భ్రమరాంబ గారిని పిలిపించారు. ఆవిడ వాచ్‌మన్ పుస్తకం, మెస్సు లెక్క తెప్పించి చూసి, "ఇన్ని దాఖలాలుండగా కాదనడానికి నేనెవర్ని?" అన్నారు. సాయంత్రానికి విదేశీ విద్యార్థిని కింద ఫైలు తయారైంది. ఫైలు మొత్తం చదివి లోవ నెమ్మదిగా అంది.

"ఒక కాగితం తక్కువైందండి. విదేశీ పిల్ల తన దేశానికి వెళతానంటే కాలేజీకి అభ్యంతరం లేదని కాగితం ఉండాలి కదండీ. అది లేకపోతే, వచ్చిన బృందం వాళ్ళు ఏమనుకుంటారు? పరాయి దేశపు పిల్లని గోగులంకలో బంధించారనుకోరూ?"

ప్రిన్సిపాల్ గారి ముఖం పాలిపోయింది. "బంధించడమా? అంతర్జాతీయ వ్యవహారమైపోతుంది! భ్రమరాంబ గారూ, కాగితం!"

నేనే టైపు చేశాను. సదరు కొల్లాటి లోవకుమారి నార్వే వెళ్ళుటకు ఈ కళాశాలకు ఏ విధమైన అభ్యంతరమూ లేదు. అంతే. ఆయన నిలబడే సంతకం పెట్టారు. ముద్ర రెండుసార్లు వేయించారు. ఒక ప్రతి ఫైల్లోకి వెళ్ళింది. రెండోది లోవ చున్నీ కొంగున ముడివేసుకుంది. ఫైలు కోసం పెట్టిన సంతకంతో ఎవరైనా నిజంగా బయల్దేరతారని మా ప్రిన్సిపాల్ గారికి కలలో కూడా తోచలేదు. ఆయన సర్వీసులో అలాంటిది జరగలేదు.

చవితికి ముందు హైదరాబాదు వెళ్ళి కాగితాలిచ్చి వచ్చింది. దసరాల్లో వీసా వచ్చింది.

బయల్దేరే రోజు బస్టాండుకి నేనొక్కణ్ణే వెళ్ళాను. బ్యాండు లేదు, శాలువా లేదు. ఏడుకొండలు పెట్టె బస్సు పైకెక్కించి, కిందికి దిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. తల్లి కళ్ళొత్తుకుంటూ జంతికల డబ్బా కిటికీలోంచి అందించింది.

"ఈసారి నిజంగానే ఎల్తందాండి?" అన్నాడు ఏడుకొండలు నాతో.

"నిజంగానే."

అప్పుడు ఏడ్చాడు. పెద్దగా, ఎవరేమనుకుంటారో అని లేకుండా ఏడ్చాడు. నేనూ ఆయన భుజం పట్టుకున్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. లోవ కిటికీలోంచి బయటికి వంగింది.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. నేను ఎళ్ళానని కాలేజీలో మాత్రం చెప్పకండి."

"అదేమిటమ్మా?"

"తెలిస్తే స్వాగత సభ పెట్టేస్తారండి. సభ అయిపోయిందంటే ఇంక నేను వచ్చేసినట్టే కదండీ!"

బస్సు కదిలింది. నేను ఎవరికీ చెప్పలేదు. విదేశీ విద్యార్థిని హాజరు తగ్గితే మార్కులు పోతాయని భ్రమరాంబ గారు రోజూ పొద్దున్నే పట్టీ తెరిచి, తన చేత్తోనే నిండుగా వేస్తున్నారు. లోవ నార్వేలో మైక్రోస్కోపు ముందు కూర్చుని రొయ్యల తెగులు సంగతి నేర్చుకుంటోంది. మా కాలేజీ లెక్కల్లో మాత్రం ఆ అమ్మాయి మొదటి బెంచీలోనే ఉంది, ఒక్క క్లాసు కూడా పోగొట్టుకోలేదు.